మామ పెట్టిన ఒరవడి

నందికొట్కూరు,
12 ఆగస్టు 1934.

తమ్ముడు గౌస్ పీర్‌కు అక్క జులేఖా దువా చేసి రాసేది.

మేమంతా కులాసా. నువ్వు ఎలా ఉన్నావో నువ్వు రాస్తే తప్ప తెలిసే దారి లేదు. పీర్ల పండగకు వస్తానన్నావు, రాలేదు. వచ్చే నెల అన్నావు, ఆ నెలా పోయింది. కడప నీళ్ళు తాగితే అక్కలు గుర్తుండరేమో. నీ భార్య పోయాక ఆ గదిలో ఒక్కడివే ఏం వండుకుంటున్నావో, ఏం తింటున్నావో అని ముద్ద దిగదు నాకు.

అసలు సంగతి చెబుతాను. మాబున్నిని బడి మాన్పించారు. తొమ్మిదేళ్ళు నిండిన పిల్లను ఇక మగపిల్లల పక్కన కూర్చోబెట్టేది లేదని మా అత్త ఫాతిమా బీ పట్టుబట్టింది. మీ బావ సంగతి నీకు తెలుసు. దూదేకే విల్లు చేతిలో ఉంటే ఆయనకు లోకంతో పని లేదు. "అమ్మ చెప్పినాది గదా, ఇంట్లోనే నేర్పియ్యి" అని నా మీదికి తోసేశాడు. నేను రెండు రోజులు అలిగాను. ఎవరూ పట్టించుకోలేదు, మూడో రోజు నేనే లేచి అన్నం వండాను.

నేర్పడానికి నాకేం, చదవడం నేర్పగలను. రాతే కష్టం. నా రాత కోడి కెలికినట్టు ఉంటుందని చిన్నప్పుడు నువ్వే వెక్కిరించేవాడివి. అది నన్ను చూసి నేర్చుకుంటే రెండో కోడి తయారవుతుంది. నాయన మనకు ఒరవడి పెట్టి నేర్పాడు చూడు, అలా నువ్వు ఒక కాగితం పై వరుసలో నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక వాక్యం రాసి పంపు. కింద అది దిద్దుతుంది. మళ్ళీ నీకు పంపుతాను, తప్పులు చెప్పు. ఈ వీధిలో ఆడవాళ్ళు తమ జాబులు రాయించుకోవడానికి నా ముందు కూర్చుని, కడుపులోని మాట పైకి చెప్పలేక నీళ్ళు నములుతుంటారు. నా బిడ్డకు ఆ అవసరం రాకూడదు.

నీ అక్క,
జులేఖా బీ.

కడప,
21 ఆగస్టు 1934.

అక్కకు, బావగారికి, పెద్దమ్మ ఫాతిమా బీకి గౌస్ పీర్ సలాములు.

నీ జాబు చదువుకుని నవ్వుకున్నాను. కోడి ఇంకా అలాగే కెలుకుతూ ఉంది. కోపం తెచ్చుకోకు. రాకపోవడానికి పనే కారణం. ప్లీడరు గోవిందయ్య గారు నన్ను సాపు ప్రతులు రాసే పని నుంచి తప్పించి, కక్షిదారులకు దస్తావేజులు చదివి వినిపించే పనికి మార్చారు. అదీ ఒక గౌరవమే కదా. గొంతు బాగుందట నాది.

ఒరవడి పెట్టి పంపుతున్నాను. "నల్లరేగడిలో పత్తి పూసింది, నాయన విల్లు పాడింది." బావగారికి నచ్చుతుందని అలా రాశాను. ఈ ఊళ్ళో దొరికే పాళీలు బొత్తిగా పనికిరావు, అక్కడక్కడ సిరా జారితే ఏమీ అనుకోవద్దు.

నాయన పద్ధతి నువ్వు మర్చిపోయి ఉంటావు. పిల్లలు మొదటి వరుస ఒరవడి చూసి రాస్తారు. రెండో వరుసకు వచ్చేసరికి పైకి చూడరు, తాము రాసిన మొదటి వరుసనే చూసి రాస్తారు. అలా తప్పు మీద తప్పు పేరుకుని, పేజీ అడుగుకు వచ్చేసరికి అక్షరం ఇంకో అక్షరం అవుతుంది. అందుకే ఒక వరుస పూర్తి కాగానే దాన్ని అట్టముక్కతో కప్పెయ్. కంటికి ఒరవడి ఒక్కటే కనపడాలి. గుండ్రం ముందు, తలకట్టు తర్వాత. మాబున్నికి గట్టిగా చెప్పు: మామ ఎలా రాస్తే అలా రాయాలి, ఒక్క పొల్లు కూడా సొంతంగా మార్చకూడదు. ఒరవడిని దిద్దాలి గానీ ఒరవడికి దిద్దుబాటు చేయకూడదు.

నీ తమ్ముడు,
గౌస్ పీర్.

నందికొట్కూరు,
16 సెప్టెంబరు 1934.

చిరంజీవి తమ్ముడికి జులేఖక్క దువా.

రెండు పేజీలు పంపుతున్నాను, చూడు. నీ మేనకోడలు నిన్ను మించిపోయేట్టుంది. నేను అట్టముక్క జరపడం మరిచిపోతే "అమ్మా, కప్పు!" అని అరుస్తుంది. నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టుకుని, మెడ వంచి, ఒక్కొక్క గుండ్రం చుట్టడానికి అంతసేపు తీసుకుంటుంది. పొయ్యి మీద కూర మాడిపోయినా నాకు కోపం రాలేదంటే నువ్వు నమ్మవు.

మీ బావ మొదటి పేజీ తీసుకుపోయి అంగడిలో పరుపులు కుట్టేవాళ్ళందరికీ చూపించాడట. విల్లు పాడిందన్న మాట ఆయనకు ఎంత నచ్చిందో. "మా బావమరిది రాతే, అచ్చు అదే" అని చెప్పుకున్నాడు.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. రెండో పేజీలో అక్షరాల గుండ్రాలు నున్నగా లేవు, అంచులు నలిగినట్టు ఉన్నాయి. తొందరపడిందేమో అనుకుంటే, అది తొందరపడే పిల్ల కాదు. నువ్వు చూసి చెప్పు. సిరా బిళ్ళలు మంచివి దొరికితే పంపు.

నీ క్షేమం కోరే
జులేఖక్క.

కడప,
27 సెప్టెంబరు 1934.

అక్కా, ఈ జాబు నువ్వొక్కదానివే చదువు. చదివాక ఎవరికీ చూపించకు.

మాబున్ని పేజీలు చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఎలా రాయాలో తెలియక నాలుగు రోజులు ఊరుకున్నాను. అవి తొందర వల్ల నలిగిన గుండ్రాలు కావు. నేను ఇన్నేళ్ళు రాతతోనే బతికాను, నాకు తెలుసు. అది చేయి వణికితే పడే గీత.

నీకు నాయన చివరి రోజులు గుర్తున్నాయా? ముందు సున్నాలు నలిగాయి. తర్వాత వీధి పిల్లలకు ఒరవడి పెట్టడం మానేశాడు. కళ్ళు సరిగా లేవన్నాడు, సిరా బాగాలేదన్నాడు. అమ్మ ఆయనకు నీళ్ళు ఎప్పుడూ సగం లోటానే ఇచ్చేది, ఎందుకని మనం ఒక్కసారీ అడగలేదు. ఆ తర్వాత ముద్ద నోటి దాకా పోయేది కాదు. ఆ జబ్బు మన రక్తంలో ఉందేమోనని నాకు ఎప్పటి నుంచో లోపల ఒక భయం. అది ఇంత చిన్న పిల్లకు వస్తుందని మాత్రం అనుకోలేదు.

పిల్లను గమనించు. చెంబు జారవిడుస్తోందా? తిండి తినేటప్పుడు చేయి ఎలా ఉంది? జ్వరం ఏమైనా వచ్చి పోయిందా? దాన్ని భయపెట్టవద్దు, రాత మాన్పించవద్దు. రాస్తూ ఉంటేనే జబ్బు ఎంతవరకు వచ్చిందో మనకు తెలిసేది. ఇంకో ఒరవడి పంపుతున్నాను. ఇది దిద్దించి వెంటనే పంపు.

అంతా మంచే జరుగుతుంది. దేవుడు చూస్తున్నాడు.

గౌస్ పీర్.

నందికొట్కూరు,
14 అక్టోబరు 1934.

తమ్ముడూ,

నీ జాబు చదివిన రోజు నుంచి పిల్ల ఏ పని చేసినా వెనకే తిరుగుతున్నాను. ఎవరికీ చూపించవద్దన్నావు. చూపించలేదు. కానీ నా ముఖం దాచుకోవడం నాకు చేతకాదు. అత్త పట్టేసింది. "ఏమే జులేఖా, పిల్లను అట్ల సూస్తాండావు? ఏమైనాది దానికి?" అని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పేశాను. తప్పే, కానీ ఒక్కదాన్నే మోయలేకపోయాను.

ఇప్పుడు ఇంటిల్లిపాదీ పిల్ల చేతినే చూస్తున్నాం. అది నీళ్ళ బిందె ఎత్తితే అందరం పనులు ఆపేస్తాం. చెంబు జారలేదు. అన్నం కింద పడలేదు. మీ బావ పరుపులు కుట్టే దబ్బనంలో దారం ఎక్కించమంటే ఒక్కసారికే ఎక్కించింది. ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. అత్త మాత్రం "అంటే రోగం ఇంకా వేళ్ళ దాకా రాలేదు, మోచేతిలో ఉండాది" అంది. నాకూ అదే నిజమనిపించింది. భయంలో ఉన్నవాళ్ళకు ఎవరేం చెప్పినా నిజమే అనిపిస్తుంది కాబోలు.

కానీ రాయడానికి కూర్చుంటే చాలు, వణుకు వస్తుంది. నువ్వు కొత్తగా పంపిన ఒరవడి ఇచ్చి నాలుగు పేజీలు రాయించాను. నాలుగింటిలోనూ వణుకే, మొదటి వాటి కంటే ఎక్కువ. పొద్దున రాయించినా అంతే, మధ్యాహ్నం రాయించినా అంతే. నేను పక్కన కూర్చుని చూస్తే దాని చేయి నిలకడగానే ఉన్నట్టు కనిపిస్తుంది. గీత మాత్రం వణుకుతూ పడుతుంది. ఇదేం మాయ రోగమో తెలియడం లేదు. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించాం. నల్ల దారం కట్టాం. దిష్టి తీశాం.

పిల్లకు కారణం చెప్పలేదు. "నేనేం తప్పు చేసినా?" అని అడుగుతోంది. ఏం చెప్పను?

పేజీలు పంపుతున్నాను. నువ్వు చూసి తగ్గిందని రాయి. అబద్ధమైనా సరే రాయి.

జులేఖా.

కడప,
23 అక్టోబరు 1934.

అక్కా,

అబద్ధం రాయలేను. పెరిగింది.

నాలుగు పేజీలూ కిటికీ దగ్గర పెట్టుకుని చూశాను. నాయన చివరి సంవత్సరం రాతకూ దీనికీ తేడా లేదు. ఆయన యాభై దాటాక వచ్చిన దశకు ఈ పసిది నెలన్నరలో వచ్చేసింది. నాకు నిద్ర పట్టడం లేదు. ప్లీడరు గారి దగ్గర దస్తావేజు చదువుతూ మధ్యలో ఆగిపోయాను, కక్షిదారు నా ముఖంలోకి చూశాడు.

నువ్వు అత్తకు చెప్పడం మంచిది కాలేదు. ఆమెను నాటు వైద్యాల జోలికి పోనివ్వకు. బావగారితో మాట్లాడి కర్నూలులో మంచి డాక్టరుకు చూపించు. ఈలోపు ఇంకో ఒరవడి పంపుతున్నాను. ఇది తేలిక మాటలతో, పెద్ద అక్షరాలతో రాశాను. ఇందులో కూడా వణికితే, ఇక ఏమనుకోవాలో నాకు తెలియదు.

నాకు రావాలని ఉంది. ఇప్పుడు రాలేను. ఎందుకని అడగకు.

గౌస్ పీర్.

నందికొట్కూరు,
3 నవంబరు 1934.

తమ్ముడూ, ఈ జాబుకు వెంటనే జవాబు రాయి. ఒక్క రోజు కూడా ఆగకు.

వచ్చే శుక్రవారం మాబున్ని చేతికి వాత పెడతారు. పక్క ఊరి తిమ్మన్న అని, పక్షవాతాలకు వాతలు పెట్టడంలో పేరున్నవాడు, మొన్న వచ్చి పిల్ల రాసిన కాగితాలు చూశాడు. అతనికి చదువు రాదు, గీతను మాత్రం చూశాడు. "నరం ఎండిపోతాండాదమ్మా. ఇప్పుడే కాలిస్తే నిలబడతాది. ఆలస్యం అయితే సెయ్యి పడిపోతాది" అన్నాడు. మణికట్టు మీద ఒకటి, మోచేతి మీద ఒకటి. నమాజు అయి మగవాళ్ళు వచ్చాక పెడతానన్నాడు. పిల్లను పట్టుకోవడానికి మగవాళ్ళు కావాలట.

కర్నూలు డాక్టరు మాట ఎత్తాను. అత్త వినలేదు. ఆమె కొడుకు ఒకడు చిన్నప్పుడు వాయువు వచ్చి పోయాడు. అప్పుడు వాత పెట్టించలేదని ఈ రోజుకీ కుమిలిపోతుంది. "ఒక బిడ్డను పోగొట్టుకున్నా, ఇంకోదాన్ని పోగొట్టుకోను" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడిస్తే మీ బావ ఏమంటాడు? నేను మాత్రం ఏమనగలను? వాత వద్దని పట్టుబట్టి, రేపు నిజంగా చేయి పడిపోతే, ఆ పాపం నాదే కదా.

నిన్న మాబున్ని నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నాకేం కాలేదు. నేను మామ రాసినట్టే రాసినా" అంది. నాకు ఒళ్ళు మండింది. తన లోపాన్ని పెద్దవాళ్ళ మీదికి తోసే బుద్ధి ఎక్కడ నేర్చుకుందో! మీ మామ రాత మీద మాట వేస్తావా అని చెంప మీద ఒకటి వేశాను. అది ఏడవలేదు. పోయి మళ్ళీ ఒరవడి ముందు కూర్చుంది. ఆ పేజీయే ఇది. కింద నీకేదో రాసుకుంది, సలాం చెప్పి ఉంటుంది. నేను చదవలేదు. కళ్ళు కనబడడం లేదు నాకు.

ఈ ఇంట్లో నీ మాటకు విలువ ఉంది. నువ్వు వద్దంటే ఆపుతాను. నీ జవాబు రాకపోతే సరేనన్నావని అనుకుంటాను.

జులేఖా.

కడప,
7 నవంబరు 1934, సాయంత్రం.

అక్కా,

ఇప్పుడే తంతి కొట్టించి వచ్చాను. గుమాస్తా ఇంగ్లీషులోకి మార్చి రాసుకున్నాడు. అది శుక్రవారంలోగా అందుతుందో లేదో, ఎవరైనా చదివి చెబుతారో లేదో తెలియదు. ఈ జాబు అంతకు ముందే అందే ఆశ లేదు. అయినా రాస్తున్నాను. రాయకుండా కూర్చుంటే పిచ్చి పట్టేట్టుంది.

నీ పిల్లకు ఏ జబ్బూ లేదు.

దాని పేజీ విప్పి, ఎప్పటిలాగే వరుసలన్నీ వేలితో వెతుక్కుంటూ కిందికి పోయాను. అన్నింటిలో వణుకే. అడుగున అది సొంతంగా రాసిన మాటలు ఉన్నాయి. "మామా సలాం. నాకు సెయ్యి నొప్పి లేదు. నువ్వు రాసినట్టే రాసినా. వాత వొద్దని అమ్మకు చెప్పు. మాబున్ని." అక్కా, ఆ మాటల్లో వణుకు లేదు. వంకర ఉంది, ఒక అక్షరం ఇంకోదాని మీద ఎక్కింది, కానీ గీత తీగ లాగినట్టు ఉంది. వాత భయంతో రాసిన పిల్ల చేయి వణకలేదు. నేను పెట్టిన ఒరవడి దిద్దితే వణికింది.

అప్పుడు చూశాను పై వరుస. ఇన్నాళ్ళూ కింది వరుసలే చూశాను. తప్పులు దిద్దేవాడు పిల్ల రాసింది చూస్తాడు గానీ తాను రాసింది చూసుకోడు. పైన నేను రాసిన అక్షరాల గుండ్రాలు నాయనవి. నలిగిపోయినవి. మాబున్ని వాటిని ఒక్కొక్క మెలికతో సహా ఎత్తి రాసింది. ఒక్క పొల్లు కూడా మార్చవద్దని నేనే చెప్పాను కదా, అది మార్చలేదు.

నా చేయి ఏడాదిగా వణుకుతోంది. ప్లీడరు గారు గౌరవంగా పని మార్చారని నీకు గొప్పగా రాశాను. నా సాపు ప్రతులు చదవలేకపోతున్నామని కోర్టు నుంచి తిరిగి వస్తే మార్చారు. పొద్దున పూట వణుకు తక్కువ. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి నీ ఒరవడి రాసేవాణ్ణి. అందులో వణుకు పడలేదని నన్ను నేను నమ్మించుకున్నాను. పండగకు రాకపోయింది కూడా అందుకే. నలుగురి ముందు కూర్చుని బిర్యానీ ముద్ద నోటి దాకా తీసుకుపోలేనని సిగ్గు, భయం. ఆ భయాన్ని నాలో దాచుకోవడానికి పోయి నీ బిడ్డలో చూశాను.

ఇప్పుడు ఇదంతా వణుకుతూనే రాస్తున్నాను, పట్టుకోవడం లేదు. నువ్వు చూడాలి. చూసి అత్తకు, బావకు చూపించు. శుక్రవారం దాటిపోతే ఈ జాబు ఎందుకూ పనికిరాదు. అలా జరిగి ఉంటే నా ముఖం నీకు చూపించను.

గౌస్ పీర్.

నందికొట్కూరు,
11 నవంబరు 1934.

ఒరేయ్ తమ్ముడూ,

ముందు ఇది చదువు: వాత పడలేదు. పిల్ల చేయి చెక్కు చెదరలేదు. ఇక తాపీగా చదువుకో.

శుక్రవారం తిమ్మన్న చెప్పిన వేళకే వచ్చాడు. ఇనుప కడ్డీ బొగ్గుల్లో పెట్టాడు. మీ బావ మాబున్నిని ఒడిలో కూర్చోబెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అత్త కలబంద గుజ్జు తీసి సిద్ధంగా పెట్టింది. నేను పిల్ల చేయి పట్టుకోవాలి. నాకు పట్టు చిక్కలేదు, చెమటకు జారిపోతోంది. మాబున్ని అరవలేదు. వీధి వైపే చూస్తూ ఉంది. నీ జవాబు వస్తుందని దాని ఆశ.

అప్పుడు తపాలా జవాను వాకిట్లోకి వచ్చి "తంతి వచ్చినాది" అన్నాడు.

మా వీధికి తంతి వచ్చిందంటే ఒకటే అర్థం. ఇంతవరకు ఈ వీధిలో ఎవరికీ వేరే కబురుతో తంతి రాలేదు. "యాడి నుంచి?" అని మీ బావ అడిగితే, "కడప నుంచి" అన్నాడు. అంతే. విప్పింది లేదు, చదివించింది లేదు. అత్త గుండెలు బాదుకుంటూ కూలబడిపోయింది. నేను నేల మీద పడి దొర్లాను. "నా తమ్ముడా, ఒక్క ముద్ద నా చేత్తో తినకుండా పోతివి గదరా" అని వీధంతా వినబడేట్టు ఏడ్చాను. పక్కింటివాళ్ళు వచ్చారు. అందరూ ఏడ్చారు. నువ్వు ఎంత మంచివాడివో చెప్పి చెప్పి ఏడ్చారు. కొందరు నిన్ను ఎప్పుడూ చూసినవాళ్ళు కూడా కాదు.

తిమ్మన్న కడ్డీని తీసి నీళ్ళ కుండలో ముంచాడు. "సావు కబురు వచ్చిన ఇంట్లో నేను నిప్పు ముట్టనప్పా. ఇంకో దినం చూసుకుందాం" అని సంచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ నీళ్ళు బుస్సుమన్న చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది.

మీ బావ కాసేపటికి తేరుకుని, శవాన్ని తెచ్చుకోవాలా, అక్కడే మట్టి చేస్తారా కనుక్కుందామని ఆ కాగితం పట్టుకుని పోస్టాఫీసుకు పోయాడు. పోస్టుమాస్టరు వెంకటేశ్వర్లు గారు చదివి, మళ్ళీ చదివి, "ఖాసిం సాహెబూ, మీ బావమరిది సచ్చిపోలేదయ్యా" అన్నాడట. తెలుగులో ఒక కాగితం ముక్క మీద రాసి ఇచ్చాడు: "వాత పెట్టవద్దు. పిల్లకు జబ్బు లేదు. వణుకు నాది." మీ బావ అంత దూరం నుంచే ఆ ముక్క ఎత్తి చూపిస్తూ పరుగెత్తుకుంటూ వచ్చాడు. టోపీ ఎక్కడ పడిపోయిందో తెలియదు.

నువ్వు బతికి ఉన్నావని విని మళ్ళీ ఏడ్చాను. ఆ తర్వాత చివరి రెండు మాటలు అర్థమయ్యాక కూర్చుండిపోయాను. నా బిడ్డ మీది భయం దిగిందో లేదో, నీ మీది భయం వచ్చి కూర్చుంది. నిన్న నీ జాబు అందింది. ఆ అక్షరాలు చూశాను. ఒక ఏడాదిగా ఒక్కడివే ఈ భయంతో ఎలా పడుకున్నావురా?

మాబున్నికి నీ జాబు చదివి వినిపించాను. కొట్టినందుకు దాని చెంప పట్టుకుని ముద్దు పెట్టుకుంటే, "నేను ముందే చెప్పినా గదా" అని మూతి ముడుచుకుంది. మరి తెలిసి కూడా వణుకుతూ ఎందుకు రాశావే అంటే, "మామ మార్చొద్దన్నాడు" అంది.

తర్వాత అది నా పెట్టె తెరిచి పాత జాబులన్నీ కింద పోసింది. ఒక్కొక్కటి వెలుతురులో పెట్టి చూసి, అది పుట్టినప్పుడు నువ్వు రాసిన జాబు ఏరి పక్కన పెట్టుకుంది. "ఇది మామ సెయ్యి బాగున్నప్పటిది, ఇంక ఇదే నా ఒరవడి" అంది. అట్టముక్క నేను జరిపాను. ఆ పేజీ దీనితో పంపుతున్నాను. "మేనకోడలు పుట్టిందని విని కడప బజారంతా మిఠాయి పంచాను" అని నువ్వు రాసిన వాక్యమే, అడుగు దాకా. నాకైతే నీ రాతకూ దాని రాతకూ తేడా తెలియలేదు. అత్తకు చూపిస్తే కళ్ళు ఒత్తుకుని, "వాణ్ని ఈడికి పిలిపియ్యి" అని ఒక్క మాట అంది.

కాబట్టి వచ్చెయ్. ప్లీడరు గారికి చెప్పి వచ్చెయ్.

నీ అక్క,
జులేఖా.

కడప,
18 నవంబరు 1934.

అక్కకు గౌస్ పీర్ సలాం.

పేజీ అందింది. మొదటి వరుస చూసి, ఇది నా పాత జాబే పంపిందేమో అనుకున్నాను. అడుగు దాకా చూశాక నమ్మాను. నాయన నాకిచ్చింది, నా దగ్గర నిలవదనుకున్నది, అది ఇంకొక చేతిలో క్షేమంగా ఉంది. ఈసారి పై వరుస కోసం వెతకలేదు.

భయం పోలేదు అక్కా. నీతో అబద్ధం ఆడను. నాయనకు జరిగినవన్నీ నాకు జరుగుతాయి, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, నాకు తెలుసు. కానీ ఇక్కడ గది తలుపు వేసుకుని వాటి కోసం ఎదురు చూడలేను. ప్లీడరు గారికి చెప్పేశాను. సోమవారం రైలెక్కుతాను, కర్నూలులో దిగి మోటారు బస్సులో వస్తాను. తంతి మాత్రం ఇవ్వను, భయపడకు.

మాబున్నికి ఇక ఒరవడి పెట్టను. పక్కన కూర్చుని అట్టముక్క జరిపే పని నాకిస్తే చాలు. అట్టముక్క వణికినా ఫర్వాలేదు.

నేను వచ్చిన రోజు వీధిలోవాళ్ళు చూడడానికి వస్తారు, చచ్చి బతికినవాణ్ణి కదా. అందరి ముందు నువ్వు మంచినీళ్ళు తెచ్చిస్తావు. సగం లోటానే పొయ్యి అక్కా. అమ్మ పోసినట్టు.

నీ తమ్ముడు,
గౌస్ పీర్.